ప్రథమ పురుష, ఏడు బి

పెదజాలారిపేట మునిసిపల్ స్కూల్లో
కిటికీ తీస్తే ఎండుచేపల వాసన,
మూస్తే ముప్పై తొమ్మిది మంది చెమట.
తీసే ఉంచుతాను.

దృక్కోణం అని బోర్డు మీద రాస్తుంటే
కావత్తు దగ్గర సుద్దముక్క విరిగింది.
సరే, ముందు కథ అన్నాను.
గ్రీకు దేశం. సముద్రం ఒడ్డున గుహ.
గొర్రెల్ని కాచుకునే ఒంటికన్ను రాక్షసుడు,
అడగకుండా లోపలికొచ్చిన ఓడవాళ్ళు,
నిప్పుల్లో ఎర్రగా కాల్చిన ఒలీవ కర్ర.
"ఒలీవ అంటే ఏటి టీచర్?"
నేను మాత్రం చూశానా,
సరుగుడు అనుకోండ్రా అన్నాను.
రుషికొండ దారిలో సరుగుడు తోట తెలియనిదెవరికి,
క్లాసంతా ఒక కన్ను మూసుకుంది.

రాక్షసుడి పేరు మూడుసార్లు పలకబోయి వదిలేశారు.
"యారాడ కొండ మీద లైటౌసు నాగున్నాడు,
ఒకటే కన్ను, రాత్రల్లా తిప్పుతాడు"
అన్నాడు ఎల్లాజీ.
అప్పటినుంచి వాడు లైటౌసు.

"నీ పేరేమిటని లైటౌసు అడిగితే
ఎవరూ కాదు అన్నాడు ఓడ నాయకుడు.
నిన్ను పొడిచిందెవరని చుట్టుపక్కలవాళ్ళు అరిస్తే
ఎవరూ కాదు, ఎవరూ కాదు అని ఏడ్చాడు లైటౌసు."
పిల్లలు బల్లలు కొట్టి నవ్వారు.
హేమ నవ్వలేదు.

తర్వాత వ్యాకరణం.
నేను, మేము: ఉత్తమ పురుష.
నువ్వు, మీరు: మధ్యమ పురుష.
వాడు, ఆమె, అది: ప్రథమ పురుష.
మైలపల్లి హేమ చెయ్యెత్తింది.
"నేను అన్నోడు ఉత్తముడైపోతాడేటి టీచర్?"
వ్యాకరణంలో అలా అంటారమ్మా.
"ఈ కథ సెప్పినోడెవులు?"
ఓడ నాయకుడే.
"అదే మరి."
కూర్చుంది.

ఇంకొకరి నోటితో రాసుకు రమ్మన్నాను,
'నేను' అని మొదలుపెట్టి.

రెహానా జున్నుబుట్ట అయింది:
ముందు నన్ను తిన్నదెవరో ఎవరూ అడగరేం?
తవిటినాయుడు సముద్రం అయ్యాడు, రెండే వాక్యాలు:
నాకేం తెలీదు. నేను బయట ఉన్నాను.
పొట్టేళ్ళు తొమ్మిది వచ్చాయి,
అందులో ఆరు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి.

హేమ కాగితంలో 'నేను' లేదు.
చెప్పిన పని చెయ్యలేదని ఎర్రపెన్ను తీశాను.

*ఆయన సాయంత్రం ఇంటికొచ్చేసరికి
పొయ్యి దగ్గర ఎవరో కూచున్నారు.
మనుషుల్ని తినడం ఆయనది తప్పే.
కన్ను పోయాక ఆయన గుమ్మంలో కూచుని
ఒక్కో గొర్రె వీపూ నిమిరి పంపించారు.
పొట్ట కింద చూడలేదు.
పెంచుకున్నవాళ్ళు పొట్ట కింద చూడరు.*

రాక్షసుణ్ణి ఆయన అనరమ్మా
అని మార్జిన్లో సగం రాశాను.
పీరియడంతా వాడు, వాడు అని చెప్పింది నేనే కదా,
పిల్ల ఎక్కడ నేర్చుకుంది?

అప్పుడు గుర్తొచ్చింది.
పోయినేడు పేరెంట్స్ మీటింగుకి
లోపల కూడా నల్లద్దాలు తియ్యని మనిషి.
ఫిషింగ్ హార్బరులో బోటుకి వెల్డింగ్ చేస్తుంటే రవ్వ పడిందట.
ఒక కన్ను పూర్తిగా, రెండోది కొంచెం.
రిజిస్టరులో సంతకం చోటు
వేలితో తడిమి వెతుక్కున్నాడు.

వెతుక్కున్నారు.

రాసిన సగం వాక్యాన్ని కొట్టేశాను.
ఎర్ర గీత మీద ఎర్ర గీత,
ఇంకా అసహ్యంగా తయారైంది కాగితం.
మార్కులు రేపు చూద్దాం.

అన్నిటికంటే కింద ఒకటి మిగిలింది.
పేరు: ఎవరూ కాదు.
రోల్ నంబరు ఖాళీ.
చేతిరాత మాత్రం ఎల్లాజీది,
'ళ'కి తోక మరిచిపోయేది వాడొక్కడే.
పదికి ఎనిమిది వేశాను.
రేపు పొద్దున్న క్లాసులో నిలబడి
ఇది రాసిందెవర్రా అని అడగాలి,
జవాబు తెలిసీ.